మిరియం అన్నది అన్నట్టు

లిఫ్టు తలుపు తెరుచుకోగానే మిరియం అంది, "కబుర్లు చాలు గానీ, ఆ మెట్ల సంగతి ఎప్పుడు తేలుస్తారు?"

అలా అందని అక్కడ తనకొక్కడికే తెలుసనుకున్నారు వాళ్ళ నాన్న. లోపల నిలబడి ఉన్న పళ్ళ డాక్టరు, అపార్ట్‌మెంటు సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆయనే, ఏమంటోంది అన్నట్టు తండ్రి మొహంలోకి చూశాడు.

"ఇవాళ గాలి హాయిగా ఉందంటోందండీ."

"ఓహో," అన్నాడు డాక్టరు. "అవునమ్మా, హాయిగానే ఉంది." ఆయన మీసం కింద ఏదో కదిలింది. తుమ్ము ఆపుకుంటున్నాడు కాబోలు అనుకున్నారు నాన్నగారు.

మిరియం చక్రాల కుర్చీలోంచి తండ్రిని ఒక చూపు చూసింది. ఆ చూపుకి పొయ్యి మీద పాలు విరిగిపోవాలి.

నాన్నగారిని ఆ అపార్ట్‌మెంటులో అందరూ ప్రూఫుల మాస్టారు అంటారు. జీవితమంతా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. రైలు టైంటేబుళ్ళ నుంచి వ్యాకరణ పుస్తకాల దాకా లోకంలో అందరి తప్పులూ దిద్దారు గానీ, ఎవరినీ ఒక్క మాటతో నొప్పించి ఎరగరు. "మా తమ్ముడా? నోట్లో నాలుక లేని మనిషి" అని వాళ్ళక్కయ్య చాటుతూ ఉంటుంది. అలాంటి మనిషే కూతురికి నాలుక కావలసి రావడం విధి ఆడిన వేళాకోళం.

మిరియం పుట్టినప్పుడు ఊపిరి అందడం కాస్త ఆలస్యమైంది. ఆ కాస్తకే కాళ్ళు ఒక దారి, చేతులు ఇంకో దారి పట్టాయి. బుర్ర మాత్రం పాదరసం. మాట్లాడితే మాటలో మొదటి హల్లు నోట్లోనే జారిపోతుంది. పుస్తకం 'ఉస్తకం' అవుతుంది, మెట్లు 'ఎట్లు' అవుతాయి. మిగిలిన అక్షరాలు తడిబట్టల్లా ఒకదాన్నొకటి అంటుకుని సాగుతూ వస్తాయి. చక్రాల బండి మొదటి మెట్టు దగ్గర ఆగిపోయినట్టు, ఆమె నాలుక మాటకి మొదటి మెట్టు దగ్గర ఆగిపోతుంది. అలవాటు లేని చెవికి అంతా గాలీ వానా.

'నాన్నా' అని పిలిస్తే 'ఆన్నా' అని వినపడుతుంది. బజార్లో అది విని, "మీ చెల్లెలాండీ?" అని అడిగినవాళ్ళున్నారు. ఒక్క హల్లు రాలిపోయినందుకు తన వయసు సగానికి సగం తగ్గిపోవడం మాస్టారికి లోలోపల భలే సరదాగా ఉండేది. అలాంటి చిల్లర లాభాలు ఆయన ఎవరికీ చెప్పకుండా పోగేసుకునేవారు.

మిరియం అని ముద్దుపేరు పెట్టింది వాళ్ళమ్మ. "గింజ ఇంతే, కొరికి చూడండి," అనేది. ఉన్నన్నాళ్ళూ కూతురి మాటలు పైవాళ్ళకి ఆవిడే వినిపించేది, తిట్లతో సహా, పొల్లు పోకుండా. ఆవిడ పోయాక ఆ ఉద్యోగం మాస్టారి మీద పడింది. ఆయనకి చేతనైన పని ఒకటే, దిద్దడం. కూతురి మాట పదునుగా ఉన్నచోట కాస్త అరగదీసి, గరుకుగా ఉన్నచోట నున్న చేసి, అవసరమైతే వాక్యం మొత్తం తీసేసి గాలీ వెన్నెలా పెట్టి, లోకానికి అందించేవారు. ఫోనులో టైపు చేస్తే అది పైకి చదువుతుంది, నిజమే. కానీ మిరియం వేలు అక్షరం మీద పడేలోపు ఎదుటి మనిషి వీధి మలుపు తిరిగేస్తాడు. పైగా ఆ గొంతంటే ఆమెకి మంట. "నా కోపం దాని నోట్లో పడితే రైలు ఆలస్యంగా వస్తోందన్నట్టు వినపడుతుంది," అంటుంది.

ఇక మెట్ల సంగతి. అపార్ట్‌మెంటు ముందు గుమ్మంలో నల్లటి గ్రానైటు మెట్లు, అటూ ఇటూ పూలకుండీలు. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా అదొక్కటే దారి. మిరియానికి బ్యాటరీ కుర్చీ వచ్చి రెండేళ్ళయింది. ఒక్క మీట నొక్కితే తనంతట తను దూసుకుపోయే కుర్చీ, నలుగురు పట్టినా లేవనంత బరువు. అందుకని అది గుర్రపుశాలలో గుర్రంలా ఇంట్లోనే ఉండిపోయింది. వరండాలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగు, అంతే. బయటికి వెళ్ళాలంటే పాత మడత కుర్చీలో కూర్చోబెట్టి, వాచ్‌మన్ ఒకవైపు, మాస్టారు ఒకవైపు పట్టి దింపాలి. "పెళ్ళికూతురిలా మోస్తున్నారు, పెళ్ళి మాత్రం ఎప్పుడూ లైబ్రరీలోనే," అనేది మిరియం.

ఆ లైబ్రరీలోనే ఇప్పుడు పిల్లల విభాగం చూసుకునే ఉద్యోగం వచ్చింది ఆమెకి. లైబ్రరీ వీధి చివరే, దారి చదును, అక్కడి గుమ్మానికి చక్కటి ర్యాంపు. "వచ్చే నెల నుంచి మీ అంతట మీరు రాగలరా?" అని అడిగింది లైబ్రేరియన్. "రాగలను," అంది మిరియం. ఈ మాటని మాత్రం మాస్టారు దిద్దలేకపోయారు. లైబ్రేరియన్‌కి తల ఊపు కూడా అర్థమైంది మరి. మెట్ల పక్కన ర్యాంపు పడితే ఉద్యోగం, పడకపోతే వరండా.

ఆ సాయంత్రం ఇంట్లో రెండు గొంతులూ లేచాయి.

"గాలి హాయిగా ఉందా? నేను గాలి గురించి అన్నానా?"

"అమ్మా, కర్ర విరక్కూడదు..."

"పాము చావకపోయినా పర్లేదు! నీ కర్ర మాత్రం కొత్తగా ఉండాలి!"

"ప్రెసిడెంటుతో పని, తల్లీ. మెల్లగా నచ్చచెబితే..."

"రెండేళ్ళ నుంచి నచ్చచెబుతున్నావు. ఆయనకి బాగా నచ్చేసింది. ఇలాగే బాగుందనుకుంటున్నాడు."

మాస్టారు వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు పాలు, స్ట్రా తెచ్చారు. సాయంత్రం పాలు పట్టడం ఆమె చిన్నప్పటి నుంచీ ఆయన పనే. వాళ్ళమ్మ సాయంత్రం కాలేజీలో టైపిస్టు, ఆ వేళప్పుడు ఇంట్లో ఉండేది కాదు. మిరియం కోపంగా తాగింది, గ్లాసు అడుగంటాక కోపంగానే అంది, "ఆలు."

మాస్టారి మొహం విప్పారింది. ఎంత అలిగినా పాల మీద అలగదు నా తల్లి, అనుకుంటూ పరుగున వెళ్ళి రెండో గ్లాసు నింపుకొచ్చారు. మిరియం కళ్ళు పైకెత్తి ఇంటి కప్పుని చూసి, నిట్టూర్చి, అది కూడా తాగింది.

మూతి తుడిపించుకున్నాక చెప్పింది, "నిన్ను ఉద్యోగంలోంచి తీసేశాను నాన్నా. ఆదివారం సంఘం మీటింగులో నా మాట అత్తయ్య చెబుతుంది."

మాస్టారు ఆమె మూతి తుడిచిన తువ్వాలుతోనే తన నుదురు తుడుచుకున్నారు. అత్తయ్యంటే ఆయనక్కయ్య, రిటైరైన డ్రిల్లు టీచరు. బడి వదిలినా మెడలో విజిలు వదల్లేదు. ఆవిడ గుసగుసలాడితే పక్కింట్లో గిన్నెలు మోగుతాయి.

మర్నాడే విజిలు మోగిస్తూ దిగింది. "ఏరా, చివరికి పిల్లే నిన్ను పీకేసిందట కదా! ఇదేదో నేను ముందే చేయాల్సింది. ఏదీ, ఒక మాట చెప్పవే, రిహార్సలు వేద్దాం."

మిరియం చెప్పింది, "మెట్ల పక్కన ర్యాంపు కట్టించండి."

అత్తయ్య నడుం మీద చెయ్యి వేసుకుంది. "'చీమూ నెత్తురూ ఉన్నవాళ్ళయితే, అన్నమే తినేవాళ్ళయితే, రేపు పొద్దున కల్లా ర్యాంపు కట్టి చావండి' అంటోంది!"

"అంత అందా?" అన్నారు మాస్టారు నీరసంగా.

"భావం అదేరా. నువ్వు సగం మింగేవాడివి, నేను వడ్డీతో చెబుతున్నాను. రెండూ కలిపి భాగిస్తే సరిపోతుంది."

మిరియం పగలబడి నవ్వింది. నవ్వులో ఆమె చెయ్యి దానంతటది లేచి అత్తయ్య విజిలుని ఒక్కటి తగిలించింది. అది వెళ్ళి మాస్టారి టీ కప్పులో పడింది.

ఆదివారం కింద లాబీలోనే మీటింగు, సరిగ్గా ఆ మెట్లకి ఎదురుగా. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వాచ్‌మన్ టీలు పంచాడు. మిరియం బ్యాటరీ కుర్చీలో లిఫ్టు దిగి, కుర్చీల మధ్య నుంచి సర్రున దూసుకొచ్చి ముందు వరసలో బ్రేకు వేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పై మెట్టు మీద రెండో అంతస్తు కాంట్రాక్టరు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆ మెట్లు పరిచింది ఆయనే. అపార్ట్‌మెంటులో ఆయన పేరే గ్రానైటు.

ముందు నీళ్ళ ట్యాంకు కడిగించే విషయం వచ్చింది. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. మిరియం చెయ్యి అప్పుడే దాని సరదాకి అది లేచింది. "నా చెయ్యికి ట్యాంకులంటే ఇష్టంలెండి, లెక్క వేసుకోండి," అందామె. అత్తయ్య దాన్ని యథాతథంగా చెప్పింది. మాస్టారికి కాస్త ప్రాణం లేచొచ్చింది. ఫరవాలేదు, అక్కయ్య బుద్ధిగానే ఉంది.

తర్వాత ర్యాంపు సంగతి వచ్చింది. గ్రానైటు లేచి నిలబడ్డాడు.

"నేను కాదనడం లేదండీ. కానీ ఎలివేషన్ అంటే బిల్డింగుకి మొహం లాంటిది. ఇంత అందమైన మొహానికి పక్కన సిమెంటు అట్ట అతికిస్తామా?"

మిరియం అంది, "మొహం ఒక్కటీ ఉంటే ఏం లాభం? నోరు తెరుచుకోవాలి కదా."

అత్తయ్య విజిలు ఊదింది. "'ముందు నీ మొహం అద్దంలో చూసుకున్నావా' అని అడుగుతోంది!"

గ్రానైటు నల్లగా ఉండేవాడు ఎర్రగా అయ్యాడు. "ఏంటండీ ఇది! మర్యాదస్తుల మీటింగేనా?"

"నేనలా అనలేదు!" అని మిరియం అరిచింది.

"'ఇంకా చాలా ఉంది, దాచుకున్నాను' అంటోంది!" అని అత్తయ్య అరిచింది.

ఇంకేముంది, లాబీ చేపల బజారయింది. ఒకరు కుర్చీ మడిచారు. ఒకరు "వచ్చే మీటింగుకి వాయిదా వేద్దాం" అన్నారు. వచ్చే మీటింగంటే మళ్ళీ ఆరు నెలలకి. మిరియం మొహం పాలిపోవడం మాస్టారు చూశారు. చూసి, ఉండబట్టలేక లేచి చేతులు జోడించారు.

"అయ్యా, కూర్చోండి, కూర్చోండి. అమ్మాయి అలా అనలేదు. మెట్లు చాలా అందంగా ఉన్నాయంటోంది. కంగారేమీ లేదు, పెద్దలు తీరిక చూసుకుని..."

మిరియం ఇక తండ్రి వైపు చూడలేదు. కుర్చీ గిర్రున తిప్పి, పళ్ళ డాక్టరు ఎదురుగా ఆపి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఒక్క అరుపు అరిచింది.

"అళ్ళు ఈకేవాడికి ఎట్లు ఈకడం ఆదా?"

అందరూ మాస్టారి వైపు తిరిగారు. పళ్ళు పీకేవాడికి మెట్లు పీకడం రాదా! మాస్టారు ఆ మాట మింగి, చిరునవ్వు తెచ్చుకుని చెప్పారు.

"డాక్టరు గారికి నమస్కారాలంటోంది."

డాక్టరు అప్పుడే టీ గుక్క వేసుకున్నాడు. ఆ టీ నోట్లో ఉండలేక, గొంతులోకి పోలేక, ముక్కులోంచి దారి చూసుకుంది. ఆయన కుర్చీలో వంగిపోయి, మోకాళ్ళు చరుచుకుంటూ, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. దగ్గూ నవ్వూ కలిసి ఆయన్ని చాలాసేపు ఊపేశాయి.

"నమస్కారాలా! అయ్యో మాస్టారూ, చంపేశారు! పళ్ళు పీకేవాడికి మెట్లు పీకడం రాదా అంటే నమస్కారాలా!"

మాస్టారు జోడించిన చేతులు దించేశారు. "మీకు... అర్థమైందా?"

"నా వృత్తి ఏమిటండీ? పొద్దుట లేస్తే నా ముందు కూర్చునేవాళ్ళు నోరు బార్లా తెరిచి, నాలుక కింద దూది పెట్టుకుని మాట్లాడతారు. నొప్పి అనమంటే 'ఒప్పి' అంటారు. డాక్టరుని 'ఆక్టరు' చేసేశారు. నాలుక కదలకపోతే హల్లెక్కడ పుడుతుంది? హల్లుల్లేని భాషతోనే నాకు ముప్పయ్యేళ్ళ కాపురం."

"అయితే మొన్న లిఫ్టులో..."

"'కబుర్లు చాలు గానీ' అంది. మీరు గాలి వీయించారు. వానాకాలంలో 'ఈయన మాటా పెట్టుడు పళ్ళలాంటిదే, రాత్రికి తీసి గ్లాసులో పెట్టేస్తాడు' అంది. మీరేమో 'డాక్టరు గారి ఆరోగ్యం ఎలా ఉంది' అని అడుగుతోందన్నారు. ఆ పళ్ళ మాట మా ఆవిడకి చెబితే ఇద్దరం భోజనం మానేసి నవ్వాం."

మిరియం నోరు తెరుచుకుని వింటోంది. సంతోషించాలో మండిపడాలో ఆమెకి తెలియడం లేదు. మండిపడడమే మేలనుకుంది.

"అన్నీ అర్థమైతే మరి ఎందుకు కట్టించలేదు?"

డాక్టరు నవ్వాపాడు. "అడగాల్సిందే అమ్మాయ్. నువ్వు 'ఇప్పుడే కావాలి' అనేదానివి. ఆ వెంటనే మీ నాన్నగారు 'తొందరేం లేదు' అనేవారు. నేనేమనుకోవాలి? పిల్ల ఒక్కతీ వీధిలోకి వెళ్ళడం పెద్దాయనకి ఇష్టం లేదేమో, పైకి చెప్పలేక ఇలా అంటున్నారేమో అనుకున్నాను. తండ్రీ కూతుళ్ళ మధ్య నేనెందుకు వేలు పెట్టాలని ఊరుకున్నాను. తప్పు నాదే. అందులో సగం మాత్రం మీ నాన్నగారికి పంచుతున్నాను."

అత్తయ్య విజిలు నోట్లోంచి తీసేసింది.

మాస్టారు నిలబడే ఉన్నారు. ఇష్టం లేదా నాకు? అని తనని తను అడిగి చూసుకున్నారు. 'ఎందుకు లేదు, ఉంది' అనే జవాబు చప్పున రాలేదు. మడత కుర్చీ మోసేటప్పుడు నడుం విరిగినా, ఒక పక్క తను ఉన్నానన్న ధైర్యం ఒకటి ఉండేది. అవతల వీధి, వీధి నిండా బళ్ళు, అటు ఒక్కతే... అది తను ఎక్కడా అనలేదు. అన్నదంతా 'తొందరేం లేదు' అనే. కూతురి నోటిలోంచి.

ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. పొరపాటున మంచి మాట కొట్టేస్తే, దాని కింద వరసగా చుక్కలు పెట్టేవారు. కొట్టేసింది కొట్టేసినట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అని అర్థం. మాస్టారు ఉద్యోగ జీవితంలో ఆ చుక్కలు పెట్టుకోవలసి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. ఇవాళ పెట్టాల్సినవి కుప్పలు తెప్పలుగా ఉన్నాయి.

గొంతు సవరించుకున్నారు. "అమ్మాయి ఏమందంటే," అని గొణిగారు, "పళ్ళు పీకేవాడికి మెట్లు పీకడం రాదా అంది."

"వెనక వినపళ్ళేదు మాస్టారూ!" అని ఎవరో అరిచారు.

"పళ్ళు పీకేవాడికి," మాస్టారి గొంతు లేచింది, "మెట్లు పీకడం రాదా!"

ఆ గొంతు అంత పెద్దదని ఆయనకే తెలియదు. లాబీ గోడలకి తగిలి తిరిగొచ్చి, ఆయన చెవులకే కొత్తగా వినపడింది. భలే ఉంది. ఎన్నాళ్ళో మూసి ఉంచిన కిటికీ తెరిచినట్టుంది. ఇంకొకటి తెరవాలనిపించింది.

"గ్రానైటు గారిని ఏమందంటే, మొహం ఒక్కటీ ఉంటే లాభం లేదు, నోరు తెరుచుకోవాలి అంది! అద్దం మా అక్కయ్య సొంత సరుకు! పూలకుండీల గురించి ఏమందంటే, మొక్కలకి గుమ్మంలో చోటుంది, మనుషులకి లేదు అంది! సంఘం గురించి..." కూతురి వైపు తిరిగారు. "లిఫ్టు చెడిపోయిన రోజు అన్నది కూడా చెప్పనా?"

"చెప్పు, చెప్పు!" మిరియం కుర్చీలో ఎగిరెగిరి పడుతోంది.

"ఈ సంఘానికి చూద్దాం అనడం తప్ప చూపే లేదు అంది!"

జనం ఘొల్లుమన్నారు. మాస్టారి జుట్టు చెదిరింది, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, ఆయన ఆగేటట్టు లేరు. రెండేళ్ళ బాకీ వరసపెట్టి తీర్చేస్తున్నారు. తిట్లు పడ్డవాళ్ళు కూడా తమ వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు ముందుకు వంగి వింటున్నారు. "మా గురించి ఏమీ అనలేదా?" అని పై అంతస్తు ఆవిడ బెంగగా అడిగింది. "మీ కుక్కని బాగా పెంచారంది, పిల్లల గురించి అడగవద్దంది," అన్నారు మాస్టారు. ఆవిడ మొగుడు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"ఏరా తమ్ముడూ, నాలుక మొలిచిందా!" అని అత్తయ్య అందరికీ వినపడేలా గుసగుసలాడింది.

డాక్టరు చేతులెత్తమన్నాడు. చేతుల అడవి లేచింది. అన్నిటికన్నా ముందు లేవాల్సిన మిరియం చెయ్యి మాత్రం, ఖర్మ, ఈసారి మొరాయించి ఒళ్ళోంచి కదల్లేదు. "దీనికి ట్యాంకులే ఇష్టమన్నాను కదా," అందామె. డాక్టరు దాన్ని సభకి వినిపించాడు. మళ్ళీ నవ్వులు.

గ్రానైటు ఒక్కడే చెయ్యెత్తకుండా నిలబడ్డాడు. చివరికి మీసం దువ్వుకుని అన్నాడు, "కడితే నేనే కడతాను. ఇంకెవడి చెయ్యీ ఈ మెట్ల మీద పడకూడదు. అద్దంలా మెరిసే ర్యాంపు పరుస్తాను, చూడండి."

"అద్దంలా వద్దు బాబోయ్, జారి లైబ్రరీలో పడతాను," అంది మిరియం. ఈసారి మాస్టారూ డాక్టరూ ఒకేసారి అదే మాట చెప్పారు, అక్షరం తేడా లేకుండా. ఆమె చెప్పుకుపోయింది, వాళ్ళు వినిపించుకుపోయారు. "గరుకుగా ఉండాలి. జానెడు ఎత్తుకి పన్నెండు జానల పొడవుండాలి. అంతకన్నా నిటారుగా కడితే అది ర్యాంపు కాదు, జారుడుబండ."

"పన్నెండు జానలా?" గ్రానైటు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "అయితే మలుపు తిప్పాలి. కుండీలు లేపెయ్యాలి." కాసేపాగి తనలో తను అనుకున్నట్టు అన్నాడు, "మా అమ్మ కూడా ఈ మెట్లకి భయపడే నా దగ్గరికి రావడం మానేసిందిలెండి."

సాయంత్రం కొలతలు మాట్లాడడానికి డాక్టరు మాస్టారింటికి వచ్చాడు. బల్ల మీద కాగితం పరుచుకుని ముగ్గురూ మలుపు గీస్తున్నారు. అత్తయ్య సోఫాలో కూర్చుని, ఇంత గొడవలో తన పాత్ర ఎంత గొప్పదో తనకే చెప్పుకుంటోంది. పాల వేళయింది. మాస్టారు గ్లాసూ స్ట్రా తెచ్చారు. మిరియం తాగి, అలవాటుగా అంది, "ఆలు."

"ఇదిగో తెస్తున్నా తల్లీ." మాస్టారు హుషారుగా లేచారు.

"ఎక్కడికండీ?" అన్నాడు డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండా.

"పాలు. ఇంకో గ్లాసు అడుగుతోంది."

"చాలు అంటోంది కదండీ."

మాస్టారు వంటింటి గుమ్మంలో ఆగిపోయారు. చాలు. పాలు. చాలు. పెదవుల మీద రెండూ మార్చి మార్చి అనుకుని చూశారు. రెండిటికీ మొదటి హల్లు తీసేస్తే ఏం మిగులుతుందో, ముప్పయ్యేళ్ళు అక్షరాలతో బతికిన మనిషికి అప్పుడు వెలిగింది.

"మిరియం," అన్నారు మెల్లగా. "ఎప్పటి నుంచి?"

"మూడో ఏటి నుంచి."

"చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్పాను కదా. 'చాలు' అన్నాను. ఇంకో గ్లాసు తెచ్చావు. గట్టిగా చెప్పాను. పెద్ద గ్లాసు తెచ్చావు. ఏడ్చి చెప్పాను. పంచదార వేసుకొచ్చావు."

అత్తయ్య సోఫాలోంచి కిందికి జారింది. విజిలు నోట్లోనే ఉండిపోవడంతో ఆవిడ నవ్వినప్పుడల్లా అది కూత పెడుతోంది. డాక్టరు కాగితంలో మొహం దాచుకున్నాడు. మాస్టారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఒక జీవితకాలం పాలు ఆయన కళ్ళ ముందు నది కట్టాయి.

"తర్వాతైనా..." అన్నారు.

"తర్వాత ఎందుకు చెప్పాలి? 'ఆలు' అనగానే నీ మొహం అలా వెలిగిపోయేది," అంది మిరియం. "ఎవరినీ నొప్పించకూడదని నువ్వు దిద్దవూ, అలాగే ఇదీ. పైగా పళ్ళు గట్టిపడ్డాయి. కావాలంటే డాక్టరు గారిని చూడమను."

డాక్టరు ఇటు రమ్మని సైగ చేసి, ఆమె నోట్లోకి గంభీరంగా తొంగి చూశాడు. "కొండలు, మాస్టారూ. కొండల్లా ఉన్నాయి."

మాస్టారు అలవాటు కొద్దీ రెండో గ్లాసు నింపుకొచ్చి, ఎవరికివ్వాలో తెలియక తనే తాగేశారు. బాగానే ఉన్నాయి పాలు.

ర్యాంపు పూర్తయిన పొద్దున జనమంతా లాబీలో గుమిగూడారు. గరుకు రాయి, అంచులకి పట్టుకునే గొట్టం, మలుపులో చక్రాలు తిరిగేంత చోటు. గ్రానైటు ఒక మూల తన పేరు చెక్కించుకున్నాడు, కుర్చీ ఎత్తు నుంచి చూస్తేనే కనపడేలా. ప్రారంభించింది మాత్రం గ్రానైటు వాళ్ళమ్మ. అందరూ రిబ్బను కోసం వెతుకుతుంటే, ముసలావిడ గొట్టం పట్టుకుని తన మానాన తను పైకి వచ్చేసి, "కొడుకు ఏడీ?" అంది.

తర్వాత మిరియం. మీట నొక్కింది. బ్యాటరీ కుర్చీ, గుర్రపుశాలలోంచి వదిలిన గుర్రం, మలుపు తిరిగి, వాలు దిగి, గేటు దాటి వీధిలో పడింది. అత్తయ్య విజిలు ఊదింది. వెనకాలే మాస్టారు, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో నీళ్ళ సీసా, "ఎడమ పక్కకి, ఎడమ పక్కకి," అంటూ పరుగు. మిరియం వాళ్ళమ్మ ఉంటే తనకన్నా ముందు పరిగెత్తేది అనుకున్నారు. పరిగెత్తుతూనే నవ్వుకున్నారు.

వీధి మలుపు దగ్గర మిరియం కుర్చీ ఆపింది. అక్కడి నుంచి లైబ్రరీ గుమ్మం కనపడుతోంది. వెనక్కి తిరగకుండానే పిలిచింది.

"ఆన్నా! ఆలు."

మాస్టారు ఆగారు. ఇదివరకటి మనిషైతే ఈపాటికి ఇంటికి పరిగెత్తి గ్లాసు తెచ్చేవాడు. ఇప్పుడు గొడుగు దించారు, సీసా దించారు, ఉన్నచోటే నిలబడ్డారు. కుర్చీ కదిలింది. చక్రాలు ఎండలో తళతళమంటూ లైబ్రరీ వైపు ఒక్కతే పోతోంది మిరియం, పక్కన ఎవరూ లేకుండా, ఎంత దర్జాగా!

పక్కన సైకిలు తుడుచుకుంటున్న కొత్త పేపరాయన ఇదంతా చూస్తున్నాడు. "ఏమంటోందండీ మీ చెల్లెలు?" అని అడిగాడు.

మాస్టారి నాలుక చివరికి ఏదో వచ్చింది. గాలి హాయిగా ఉందంటోంది లాంటిదే. ఆ 'చెల్లెలు' అన్న మాటని కూడా పోనీలే అని జేబులో వేసుకోవచ్చు, ఇన్నాళ్ళూ వేసుకున్నట్టు. మింగేశారు. గొంతు సవరించుకుని, రాలిన హల్లులన్నీ ఏరి, ఎక్కడివక్కడ పెట్టి చెప్పారు.

"'నాన్నా, చాలు' అంటోంది."

పేపరాయన ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు. ఒక్క హల్లుతో ముప్పయ్యేళ్ళు మీద పడ్డాయి. పడితే పడ్డాయిలే అనుకుని, గొడుగు గిరగిరా తిప్పుకుంటూ ఇంటికి నడిచారు మాస్టారు.